కుక్క దాచుకున్న పేరు: న్యూజీలాండ్ చిత్రకథల్లో కథ, రాజకీయ సందేశం

న్యూజీలాండ్ ఉత్తర దీవికి తూర్పు తీరాన గిస్బోర్న్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పట్టణంలో ఒక కంచు విగ్రహం ఉంది. అది ఏ ప్రధానమంత్రిదో, ఏ సేనానిదో కాదు. ఒక గొర్రెల రైతుది, అతని పక్కన ఉన్న కుక్కది. విగ్రహాలంటే ఎవరివై ఉంటాయో మన ఊళ్ళ కూడళ్ళు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు గనుక ఈ సంగతి మనకు కొంత వింతగానే తోస్తుంది. అంతకంటె వింత ఏమిటంటే, ఆ రైతూ ఆ కుక్కా ఈ భూమి మీద ఎన్నడూ పుట్టలేదు. వారిద్దరూ మర్రీ బాల్ అనే చిత్రకారుడు 1976 నుండి 1994 దాకా దినపత్రికలకు గీసిన ‘ఫుట్‌రాట్ ఫ్లాట్స్’ అనే చిత్రకథలోని పాత్రలు.

కామిక్స్ చదివేవారిలో కొంతకాలంగా ఒక అసంతృప్తి వినిపిస్తున్నది. కథ కోసం పుస్తకం తెరిస్తే ఏదో ఒక పక్షపు కరపత్రం చేతికి వస్తున్నదని, పాత్రలు మాట్లాడటం మాని ప్రసంగిస్తున్నాయని ఆ ఫిర్యాదు. ఆక్లండ్‌లోనో ఆస్టిన్‌లోనో పిల్లలకు గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చే తెలుగు తల్లిదండ్రులలోనూ ఈ మాట అనేవారున్నారు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కాని దానికి సాధారణంగా సూచించే మందు మాత్రం సరైనది కాదు. రాజకీయం వాసన లేని పుస్తకాలను ఏరుకుంటే మంచి కథలు దొరుకుతాయనుకోవడం, జ్వరం లేనివాడికి రోగమే లేదనుకోవడం వంటిది. న్యూజీలాండ్ చిత్రకథల చరిత్ర ఈ విషయాన్ని పరీక్షించి చూడటానికి చాలా అనువైనది. దేశం చిన్నది, చరిత్ర పొట్టిది, రెండు ధోరణులకూ అక్కడ ప్రపంచస్థాయి ఉదాహరణలున్నాయి. పైగా ఒకే చిత్రకారుడి చేతిలో రెండూ పుట్టిన సందర్భమూ ఉంది.

మొదటి ధోరణికి అధిపతి డేవిడ్ లో. 1891లో డునెడిన్‌లో పుట్టి, క్రైస్ట్‌చర్చ్ పత్రికలలో బొమ్మలు గీయడం నేర్చి, సిడ్నీ మీదుగా 1919లో లండన్ చేరిన లో, రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో ఆంగ్ల ప్రపంచంలోని రాజకీయ వ్యంగ్య చిత్రకారులందరిలోకీ ప్రసిద్ధుడయ్యాడు. 1939 సెప్టెంబరు 20న వెలువడిన అతని బొమ్మలో హిట్లరు, స్టాలిను టోపీలు తీసి ఒకరికొకరు వంగి నమస్కరించుకుంటుంటారు. వారి మధ్య నేల మీద పోలండ్ శవం పడివుంటుంది. ఒప్పందం చేసుకున్న ఇద్దరు శత్రువుల స్వభావాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన బొమ్మ మరొకటి దొరకడం కష్టం. అయితే లో గీసిన వేలాది బొమ్మలలో ఈనాటి పాఠకుడికి వివరణ లేకుండా అర్థమయ్యేవి బహు కొద్ది. ఆనాటి మంత్రి ముఖం తెలియాలి, ఆ వారం పార్లమెంటులో జరిగిన వాదం తెలియాలి. ఇది లోపం కాదు, ఆ ప్రక్రియ స్వభావమే అంత. వార్త చల్లారితే బొమ్మా చల్లారుతుంది. వెల్లింగ్టన్‌లోని అలెగ్జాండర్ టర్న్‌బుల్ గ్రంథాలయంలో 1992 నుండి నడుస్తున్న న్యూజీలాండ్ కార్టూన్ భాండాగారం ప్రధానంగా ఇటువంటి పత్రికా చిత్రాలనే భద్రపరుస్తున్నది. చరిత్రకారులకు అది గని. సాయంత్రం పూట కాలక్షేపానికి కథ కావలసినవాడు అటు వెళ్ళడు.

లో సృష్టించిన కర్నల్ బ్లింప్ అనే పాత్ర కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. 1934లో పుట్టిన ఈ బట్టతల, బానపొట్ట, దట్టమైన మీసాల పెద్దమనిషి స్నానశాలలో తువ్వాలు చుట్టుకుని అసంబద్ధమైన సామ్రాజ్యవాద సూక్తులు చెబుతుంటాడు. అతడు మనిషి కాడు, ఒక అభిప్రాయానికి తొడిగిన చర్మం. 1943లో మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ అనే దర్శకులు ఆ పేరుతో సినిమా తీసినప్పుడు ఆ పెద్దమనిషికి ఒక యవ్వనాన్ని, దక్కని ప్రేమను, శత్రుదేశపు స్నేహితుణ్ణి ఇచ్చారు. వెక్కిరింపుగా మొదలైన పాత్ర చివరికి ప్రేక్షకుడి సానుభూతికి పాత్రమయింది. యుద్ధకాలంలో ఆ సినిమా రాకుండా ఆపాలని చర్చిల్ ప్రయత్నించాడు. బ్లింప్‌ను వెక్కిరిస్తే రాజకీయం. బ్లింప్ ఎందుకు అలా తయారయ్యాడో చూపితే కథ. రెండవదే అధికారంలో ఉన్నవారిని ఎక్కువ కలవరపెట్టింది.

ఈ తేడాను మన ఆలంకారికులు ఎప్పుడో గుర్తించారు. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు, ఆ తరువాత మన ఓరుగల్లులో కాకతీయుల కొలువులో ఉన్న విద్యానాథుడు చెప్పిన మూడు రకాల ఉపదేశాలు చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం ప్రియురాలిలా మనసు కరిగించి తన దారికి తెచ్చుకుంటుంది. కావ్యానికి ఉపదేశమే ఉండదని వారు అనలేదన్నది గమనించవలసిన విషయం. ఉపదేశం ఉంటుంది, అది రసం వెనుక నడుస్తుంది. చిత్రకథకూ ఇదే వర్తిస్తుంది. కథలో రాజకీయం ఉందా లేదా అన్న ప్రశ్న మనకు దారి చూపదు. కథలో ఎవరు ముందు నడుస్తున్నారన్నదే అడగవలసిన ప్రశ్న.

మర్రీ బాల్ జీవితం ఈ ప్రశ్నకు ఒక పూర్తి ఉదాహరణ. అతడు 1939లో ఫీల్డింగ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి నెల్సన్ బాల్ ఆల్ బ్లాక్స్ రగ్బీ జట్టులో ఆడినవాడు. బాల్యంలో కొంతకాలం దక్షిణాఫ్రికాలో గడిచింది. పత్రికలలో కార్టూనిస్టుగా పనిచేసి, ఆ తరువాత బ్రిటన్ వెళ్ళి స్కాట్లండ్‌లోని డండీలో పిల్లల కామిక్స్ ప్రచురించే డి.సి. థామ్సన్ సంస్థకు బొమ్మలు గీశాడు. ‘పంచ్’ పత్రికలో అతని ‘స్టాన్లీ’ అనే కళ్ళద్దాల ఆదిమానవుడు చాలాకాలం నడిచాడు. వీటితోబాటే బ్రిటిష్ లేబర్ పార్టీ పత్రిక ‘లేబర్ వీక్లీ’ కోసం ‘బ్రూస్ ద బార్బేరియన్’ అనే చిత్రకథ గీశాడు. పేరుకు అది ప్రాచీన కాలపు అనాగరికుడి కథ. నిజానికి ఆనాటి బ్రిటన్ వర్గ వ్యవస్థ మీద వామపక్షపు వ్యాఖ్య. బాల్ తన రాజకీయాలను ఎన్నడూ దాచుకోలేదు. అతడు సమసమాజవాది, ఆ విశ్వాసం చివరిదాకా వదల్లేదు.

అటువంటివాడు 1970 దశకంలో స్వదేశానికి తిరిగివచ్చి గిస్బోర్న్ దగ్గర పల్లెపట్టున స్థిరపడి, 1976లో వెల్లింగ్టన్ ‘ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో ఒక గొర్రెల రైతు కథ మొదలుపెట్టాడు. రైతు పేరు వాలెస్ క్యాడ్‌వాలడర్ ఫుట్‌రాట్, క్లుప్తంగా వాల్. ఫుట్‌రాట్ అంటే గొర్రెలకు తడి నేలల్లో వచ్చే గిట్టకుళ్ళు రోగం. మన పశువులకు వచ్చే గాలికుంటు వేరు. అది వైరస్ వల్ల వచ్చేది, ఇది బాక్టీరియా వల్ల వచ్చేది. కుంటుతూ, కంపు కొడుతూ, ఒక పట్టాన వదలని రోగం. దానినే ఇంటిపేరుగా పెట్టడంలో బాల్ తన రైతును ఎంత ఎత్తులో నిలబెట్టదలచాడో తెలిసిపోతుంది. వాల్ నల్లటి చేతుల్లేని బనీను, రబ్బరు బూట్లు వేసుకుని తిరిగే మొరటు మనిషి. రగ్బీ, క్రికెట్ తప్ప వేరే లోకం ఎక్కువ తెలియదు. పొరుగు రైతు కూచ్ విండ్‌గ్రాస్ దీనికి పూర్తి విరుద్ధం: గడ్డం పెంచుకుని, చెట్టూ పిట్టా అన్నిటితోనూ చుట్టరికం కలుపుకుని బతికే మెతక మనిషి. సెలవులకు వచ్చే మేనకోడలు పాంగో, ఆమె జతగాడు రంగి. తెలుగు చెవికి ఆడపేరులా వినిపించే ఈ రంగి మావోరీ కుర్రవాడు. వారి భాషలో ఆ మాటకు ఆకాశం అని అర్థం. పక్కన అందరినీ గడగడలాడించే హార్స్ అనే పిల్లి. ఊరిని మర్యాద దారిలో పెట్టాలనుకునే డాలీ అత్తయ్య. వీరందరినీ చూస్తూ, తనలో తాను వ్యాఖ్యానించుకుంటూ ఒక నలుపు తెలుపుల గొర్రెల కుక్క.

ఆ కుక్కకు పేరుంది, కాని మనకు తెలియదు. డాలీ అత్తయ్య పెట్టిన ఆ పేరు దానికి పరమ సిగ్గు. ఎవరైనా ఆ పేరు పలకబోతే మొరిగో, కరిచో, ఎగిరిపడో ఆపుతుంది. అందరూ దాన్ని ‘డాగ్’ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్ళపాటు ఆ రహస్యం నడిచింది. ఇందులో ఏ సందేశమూ లేదు. ఆ కుక్క ఆత్మాభిమానం తప్ప పణంగా పెట్టినది మరేమీ లేదు. అయినా పాఠకులు ఆ పేరు కోసం పద్దెనిమిదేళ్ళు ఎదురుచూశారు. కథ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకంటె మంచి నిర్వచనం ఇవ్వడం కష్టం.

బాల్ తీసుకున్న ముఖ్యమైన శిల్ప నిర్ణయం ఆ కుక్కలోనే ఉంది. దాని ఆలోచనలు బుడగల్లో పాఠకుడికి కనిపిస్తాయి, కథలోని మనుషులకు వినిపించవు. కాబట్టి అది ఎవరికీ ఉపదేశించలేదు. యజమాని తెలివితక్కువ పని చేస్తున్నాడని దానికి తెలుసు, కాని చెప్పలేదు. చెప్పగలిగినా, సాయంత్రం ఎముక పడేసేది అతడే. పైగా దాని తీర్పులూ నమ్మదగినవి కావు. అది పిరికిది, గొప్పలు పోతుంది, కూచ్ దగ్గరున్న జెస్ అనే ఆడకుక్క కనబడితే బుద్ధి వశం తప్పుతుంది. కార్టూనిస్టు తన అభిప్రాయాన్ని ఒక పాత్ర నోట పెట్టాలనుకుంటే ఇంతకంటె చెడ్డ వాహకం ఉండదు. లేబర్ పార్టీ పత్రికలో సూటిగా మాట్లాడిన మనిషే స్వదేశంలో తన నోటికి తానే ఇలా తాళం వేసుకున్నాడు.

అయితే ‘ఫుట్‌రాట్ ఫ్లాట్స్’ నుండి రాజకీయం మాయమైపోయిందా? లేదు. నేలను ఎలా వాడుకోవాలన్నది న్యూజీలాండ్‌లో పెద్ద రాజకీయ ప్రశ్న. దాని రెండు పక్షాలూ వాల్, కూచ్‌ల రూపంలో ఒకే కంచెకు అటూ ఇటూ నిలబడి ఉన్నాయి. బాల్ మనసు కూచ్ వైపే మొగ్గిందని ఊహించడం కష్టం కాదు. కాని కథలో కేంద్రం వాల్. నవ్వించేది వాల్, దెబ్బలు తినేది వాల్, పాఠకుడు చివరికి ప్రేమించేది వాల్‌నే. కూచ్ నెగ్గిన రోజున కూడా వాల్ చిన్నబోడు. ఇద్దరూ కలిసి గొర్రెల ఉన్ని కత్తిరించుకోవలసిందే. రంగి, పాంగోలు కలిసి ఆడుకుంటారు, పోట్లాడుకుంటారు. జాతుల సామరస్యం గురించి ఎవరూ ఒక్క మాట అనరు. అనకపోవడం వల్లనే రంగి ఒక జాతి ప్రతినిధిగా కాక ఒక అల్లరి పిల్లవాడిగా మిగిలాడు.

పుస్తకాల అర ముందు నిలబడ్డ పాఠకుడికి ఇక్కడ ఒక ఉపాయం దొరుకుతుంది. రచయితకు నచ్చని పాత్ర ఎవరో వెతకాలి. ఆ పాత్రకు కనీసం ఒక మంచి మాట, ఒక నిజమైన కష్టం, ఒక్కసారైనా గెలిచే అవకాశం ఉన్నాయో లేదో చూడాలి. ఉంటే అది కథ. ఆ పాత్ర తిట్టించుకోవడానికి మాత్రమే గడిలోకి వచ్చిపోతుంటే అది ఏ పక్షానిదైనా కరపత్రమే. ఈ పరీక్షకు పదిపేజీలు చాలు, వైద్యుడు నాడి చూసినంత సేపు. మన భాషలోనూ దీనికి సాక్ష్యం ఉంది. బాపు ఆంధ్రపత్రికలో గీసిన రాజకీయ కార్టూన్లకు ఈనాడు వివరణలు కావాలి. ముళ్ళపూడి వెంకటరమణ రాతకు అతడే గీసిన బుడుగు బొమ్మలకు ఏ వివరణా అక్కరలేదు.

న్యూజీలాండ్ ప్రభుత్వం ఒకప్పుడు సరిగ్గా తప్పుడు పరీక్ష పెట్టింది. 1954లో హట్ లోయలోని యువతీయువకుల ప్రవర్తన మీద పత్రికలు గగ్గోలు పెట్టగా, ఆస్వల్డ్ మాజెన్‌గార్బ్ అనే న్యాయవాది అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం రెండు నెలల్లోపే నివేదిక ఇచ్చింది. పిల్లలున్న కుటుంబాలకు సుమారు 3,00,000 ప్రతులు తపాలాలో చేరాయి. చెడగొడుతున్నవాటి జాబితాలో కామిక్స్ కూడా ఉన్నాయి. ఆ ఏడాదే అసభ్య ప్రచురణల చట్టాన్ని సవరించి, నేరం, క్రౌర్యం, భయానకం వంటివాటికి మితిమీరిన ప్రాధాన్యం ఇచ్చే ప్రచురణలను దాని పరిధిలోకి తెచ్చారు. పంపిణీదారులు నమోదు చేయించుకోవాలన్నారు. అంతకుముందే, 1938 చివరి నుండి, దిగుమతి లైసెన్సుల వల్ల అమెరికన్ కామిక్స్ రాక తగ్గింది. పుస్తకం ఏ విషయం గురించి అని మాత్రమే అడిగి, ఎలా చెప్పింది అని అడగకపోతే వచ్చే ఫలితం ఇది. ఈనాడు సందేశం ఉన్న కామిక్స్ వద్దనేవారు, సందేశం లేని కామిక్స్ వద్దనేవారు ఇద్దరూ తెలియకుండానే ఆ సంఘం కుర్చీలోనే కూర్చుంటున్నారు.

ఆంట్ శాంగ్ 2001 నుండి 2003 వరకు సంచికలుగా వెలువరించిన ‘ద ధర్మ పంక్స్’ను ఆ కుర్చీలోంచి చూస్తే మొదటి పేజీలోనే పక్కన పెట్టవలసి వస్తుంది. 1994 నాటి ఆక్లండ్. అరాచకవాద పంక్ యువకుల బృందం ఒక బహుళజాతి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాన్ని ప్రారంభోత్సవానికి ముందే పేల్చివేయాలని పథకం వేస్తుంది. బాంబు పెట్టే పని చాప్‌స్టిక్ అనే బౌద్ధాభిమాని కుర్రవాడికి అప్పగిస్తారు. ఇంతకంటె సందేశానికి అనువైన వస్తువు ఏముంటుంది? కాని ఆ రాత్రి అతడు మిత్రుల నుండి తప్పిపోతాడు. ఊరి వీధుల్లో అపరిచితులు ఎదురవుతారు, చనిపోయిన స్నేహితురాలి జ్ఞాపకం వెంటాడుతుంది. పెట్టుబడిదారీ విధానం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న క్రమంగా వెనక్కి తగ్గి, హింసను వదలలేని ఆశయంతో అహింస నేర్చిన మనసు ఏం చేసుకోవాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. రాజకీయం అక్కడ తీర్పు కాదు, పాత్రకు వచ్చిన ఆపద. 2014లో ఇది ఒకే సంపుటంగా మళ్ళీ వచ్చింది గనుక దొరకడం కష్టమేమీ కాదు. పిల్లలకు మాత్రం కాదు, పెద్దలకే.

డిలన్ హారక్స్ ‘హిక్స్‌విల్’ ఇంకా సూక్ష్మమైనది. 1990 దశకంలో ‘పికిల్’ అనే తన పత్రికలో భాగాలుగా ప్రచురించి, 1998లో పుస్తకంగా తెచ్చాడు. డిక్ బర్గర్ అనే కోటీశ్వరుడైన కామిక్స్ ప్రభువు పుట్టిన ఊరిని వెతుక్కుంటూ లెనర్డ్ బాట్స్ అనే విలేఖరి న్యూజీలాండ్ మారుమూల పల్లెకు వస్తాడు. ఆ ఊళ్ళో రైతు దగ్గరనుండి దుకాణదారు దాకా అందరూ కామిక్స్ పండితులే. అందరూ బర్గర్ పేరు చెబితే ముఖం తిప్పుకుంటారు. కారణం ఊరి దీపస్తంభంలో ఉంది. లోకంలోని గొప్ప చిత్రకారులు వ్యాపారపు ఒత్తిడి లేకుండా తమ ఇష్టానికి గీసి ఉంటే ఏవి గీసేవారో, ఆ పుస్తకాలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. వెల్లింగ్టన్ భాండాగారంలో జరిగిన చరిత్ర దాగివుంటే, ఈ దీపస్తంభంలో జరగకుండా పోయిన చరిత్ర దాగివుంది. కథ మధ్యలో మరో చిత్రకథ పుటలు తళుక్కుమంటాయి: కెప్టెన్ కుక్, సర్వేయరు చార్లెస్ హీఫీ, మావోరీ నాయకుడు హోనే హేకే ఒకేచోట కలుసుకుంటారు, వారి కాళ్ళ కింద నేల కదిలిపోతుంటుంది. వలసపాలన గురించి ఒక్క ఆరోపణ లేదు. కొలతలు వేయడానికి వచ్చినవాడికి నేల నిలవకపోవడం అన్న ఒక్క దృశ్యమే ఉంది. మమ్మటుడు చూసి ఉంటే ధ్వని అనేవాడు.

ఇటువంటివి వెతుక్కునేవారికి ఏడ్రియన్ కినేర్డ్ 2013లో వెలువరించిన ‘ఫ్రమ్ అర్త్స్ ఎండ్’ మంచి దారిచూపు. న్యూజీలాండ్ కామిక్స్ చరిత్ర, ఎంపికలు ఒకేచోట ఉన్నాయి. చిన్నపిల్లలకు స్టీఫెన్ బాలంటైన్ రాసి బాబ్ కెర్ గీసిన ‘టెర్రీ అండ్ ద గన్‌రన్నర్స్’ (1982) ఈనాటికీ సరదాగానే చదివిస్తుంది. అది పూర్తిగా సాహసకథ. ‘ఫుట్‌రాట్ ఫ్లాట్స్’ సంపుటాలు లక్షలాదిగా అమ్ముడుపోయాయి గనుక పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ కనబడతాయి. 1986లో దాని ఆధారంగా వచ్చిన ‘ద డాగ్స్ టేల్’ న్యూజీలాండ్ మొట్టమొదటి పూర్తినిడివి యానిమేషన్ చిత్రం. వాల్‌కు జాన్ క్లార్క్ గొంతు ఇచ్చాడు. ఆ చిత్రంలో డేవ్ డాబిన్ పాట ఆ దేశంలో తెలియనివారుండరు. అయినా మొదట చదవవలసింది పుస్తకాలనే. సినిమాలో అందరూ పరుగెడుతుంటారు. పుస్తకంలో కుక్క ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది.

బాల్ తన చిత్రకథలోకి రానివ్వని రాజకీయం చివరికి బయటి నుండి వచ్చి ఆ కథను ఆపింది. 1984లో గెలిచిన డేవిడ్ లాంగీ ప్రభుత్వం లేబర్ పార్టీదే. ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ రైతుల సబ్సిడీలు ఎత్తివేశాడు, మార్కెట్లు తెరిచాడు, ప్రభుత్వ సంస్థల్ని వ్యాపార సంస్థలుగా మార్చాడు. ఆ తరువాత వచ్చిన నేషనల్ పార్టీ అదే దారిలో ఇంకా ముందుకు వెళ్ళింది. 1982లో ఏడు కోట్లు దాటిన ఆ దేశపు గొర్రెల సంఖ్య అప్పటినుండి తగ్గుతూ వచ్చి, ఈనాడు రెండున్నర కోట్ల దరిదాపుల్లో ఉంది. జీవితమంతా సమసమాజాన్ని నమ్మిన బాల్ దీన్నంతా చూస్తూనే, వాల్ కంచె పక్కన పాత లోకాన్నే గీస్తూ వచ్చాడు. 1994లో మానేశాడు. తన సొంత కుక్క చనిపోవడం, దేశం పోతున్న పోకడ నచ్చకపోవడం అన్న రెండు కారణాలు అతడు చెప్పాడు. వాల్‌ను అప్పులపాలు చేసి, పొలం అమ్మించి, ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోసే చిత్రకథ గీయడం అతనికి చేతకాక కాదు. ‘బ్రూస్’ గీసిన చెయ్యే అది. ఆ పని చేయకుండా కలం కింద పెట్టాడు.

మర్రీ బాల్ 2017 మార్చి 12న గిస్బోర్న్‌లో మరణించాడు. అతడు గీసిన వేలాది గడుల్లో ఆ కుక్క పేరు ఎక్కడా లేదు.